డిగ్రీ స్థాయిలో శాంతి పరిశోధన: డబ్బు దేనికివ్వాలి?

శాంతి అధ్యయనాలకు, సంఘర్షణల పరిష్కారం మీద పరిశోధనకు డబ్బిచ్చే సంస్థలు ప్రపంచంలో చాలానే ఉన్నాయి. కానీ ఎవరికిస్తారు అని చూస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. రోటరీ పీస్ ఫెలోషిప్ మాస్టర్స్ చేసేవాళ్లకీ, ఇప్పటికే ఈ రంగంలో పనిచేస్తున్నవాళ్లకీ ఇస్తారు. హింస మీద పరిశోధనకు చాలా ఏళ్లుగా నిధులిస్తున్న హ్యారీ ఫ్రాంక్ గుగెన్‌హైమ్ ఫౌండేషన్ పీహెచ్‌డీ థీసిస్ రాస్తున్నవాళ్లకీ, ఆ పైస్థాయి వాళ్లకీ ఇస్తుంది. అమెరికా కాంగ్రెస్ 1984లో చట్టం చేసి పెట్టిన యూఎస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పీస్ నడిపిన పీస్ స్కాలర్ పథకమూ పీహెచ్‌డీ వాళ్లకే. ఈ మూడింటిలోనూ డిగ్రీ విద్యార్థికి చోటు లేదు.

నిజానికి ఈ సబ్జెక్టు యూనివర్సిటీల్లో అడుగుపెట్టిందే డిగ్రీ తరగతి నుంచి. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మూడేళ్లకు, 1948లో, అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని మాంచెస్టర్ కాలేజీ అనే చిన్న కాలేజీ డిగ్రీ విద్యార్థుల కోసం శాంతి అధ్యయనాల కోర్సు మొదలుపెట్టింది. మిషిగన్ యూనివర్సిటీలో జర్నల్ ఆఫ్ కాన్‌ఫ్లిక్ట్ రిజల్యూషన్ పత్రిక 1957లో వచ్చింది. నార్వే రాజధాని ఓస్లోలో సామాజిక శాస్త్రవేత్త యోహాన్ గాల్టుంగ్ వాళ్లు శాంతి పరిశోధన సంస్థ పెట్టింది 1959లో. అంటే పాఠం ముందు వచ్చింది, పరిశోధన సంస్థలు తర్వాత వచ్చాయి, డబ్బు మాత్రం ఆ సంస్థల చుట్టూనే తిరుగుతూ కింది తరగతి దాకా రావడం మానేసింది.

డిగ్రీ పిల్లలు చేసేదేం పరిశోధన, టర్మ్ పేపర్‌కి కాస్త పెద్ద రూపమేగా అని కొట్టిపారేసేవాళ్లు యూనివర్సిటీల్లోనే ఉంటారు. ఆ మాటలో కొంత నిజం ఉంది కూడా. అయితే ఈ సబ్జెక్టు చదివినవాళ్లలో ఎక్కువమంది పీహెచ్‌డీకి వెళ్లరు. టీచర్లవుతారు, లాయర్లవుతారు, విలేఖరులవుతారు, పోలీసు శాఖలోకో స్వచ్ఛంద సంస్థల్లోకో పోతారు. రెండు వర్గాల మధ్య కూర్చుని ఇద్దరి మాటా వినాల్సిన ఉద్యోగాలివి. ఒక గొడవ ఎందుకు మొదలైంది అన్న ప్రశ్నకు తనకు తోచిన జవాబు చెప్పడానికీ, ఆధారాలు వెతికి చెప్పడానికీ తేడా ఏంటో ఒక్కసారైనా చేతులారా చేసి తెలుసుకునే అవకాశం వాళ్లకు దొరికేది ఆ మూడు నాలుగేళ్లలోనే. పైగా రేపు పీహెచ్‌డీకి ఎవరెళతారు అన్నది కూడా చాలావరకు ఇక్కడే తేలిపోతుంది. పరిశోధన అనుభవం ఉన్నవాళ్లకే పైచదువుల్లో సీటూ స్కాలర్‌షిప్పూ సులువుగా వస్తాయి, ఆ అనుభవం జీతం లేకుండా చేయగలిగినవాళ్లకే దొరుకుతుంది అంటే, సంఘర్షణల మీద పుస్తకాలు రాసేవాళ్లంతా దాదాపు ఒకే రకం ఇళ్ల నుంచి వస్తారు. గొడవల మధ్య పెరిగినవాళ్ల గొంతు అందులో ఉండదు.

డిగ్రీ విద్యార్థులకు డబ్బే లేదని కాదు. బాగా తెలిసిన ఉదాహరణ ప్రాజెక్ట్స్ ఫర్ పీస్. కాథరిన్ వాసర్‌మన్ డేవిస్ అనే దాత 2007లో తన నూరో పుట్టినరోజు సందర్భంగా పది లక్షల డాలర్లు ఇచ్చి, విద్యార్థులు ఆలోచించిన వంద శాంతి ప్రాజెక్టులకు తలా పదివేల డాలర్లు అందేలా చేశారు. ఆవిడ 2013లో పోయారు, పథకం మాత్రం మిడిల్‌బరీ కాలేజీ ఆధ్వర్యంలో కొనసాగుతూనే ఉంది. ఎంతోమంది కుర్రాళ్లు, అమ్మాయిలు వేసవి సెలవుల్లో నిజంగా మంచి పనులు చేశారు దీనివల్ల. కానీ పేరులోనే ఉంది, అవి ప్రాజెక్టులు. లైబ్రరీ పెట్టడం, శిబిరం నడపడం, శిక్షణ ఇవ్వడం లాంటివి. ఒక ప్రశ్న వేసుకుని దానికి జవాబు వెతకడం వేరే పని.

దాతలకు చేతల మీద మనసు పోవడంలో ఆశ్చర్యం లేదు. శిబిరానికి ఫోటోలుంటాయి, వచ్చినవాళ్ల సంఖ్య ఉంటుంది, రిపోర్టు రాయడం తేలిక. పరిశోధన చివర్లో వచ్చేది ఇరవై పేజీల కాగితం. అందులో ఒక్కోసారి 'మేం అనుకున్నది జరగలేదు' అని కూడా ఉంటుంది. అలాంటి కాగితానికి డబ్బిచ్చామని చెప్పుకోవడం ఏ ఫౌండేషన్‌కైనా కష్టమే. కానీ ఆ కాగితం లేకపోవడం వల్ల ఈ రంగానికి జరుగుతున్న నష్టం చిన్నది కాదు. శత్రువర్గాల పిల్లల్ని ఒకచోట చేర్చి కలిసి గడిపేలా చేస్తే ద్వేషం తగ్గుతుంది అన్న నమ్మకం మీద ప్రపంచమంతా కార్యక్రమాలు నడుస్తున్నాయి. మనస్తత్వ శాస్త్రవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో చెప్పిన సిద్ధాంతం దీనికి మూలం. మరో మనస్తత్వ శాస్త్రవేత్త ఎలిజబెత్ పలక్, ఆవిడ సహచరులు ఈ విషయం మీద వచ్చిన అధ్యయనాలన్నీ జల్లెడ పట్టారు. మనుషుల్ని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి, ఒక గుంపును మాత్రమే అవతలి వర్గంతో కలిసి గడిపేలా చేసి, అలా గడిపిన ఒక రోజు తర్వాతైనా ఫలితం కొలిచినవి ఎన్ని అని లెక్క తీస్తే 27 తేలాయి. నెల కాదు, ఏడాది కాదు, కనీసం ఒక్క రోజు! అర్ధశతాబ్దం దాటిన సిద్ధాంతానికి ఉన్న గట్టి ఆధారం అంత.

ఇక్కడే డిగ్రీ విద్యార్థికి చేతినిండా పని ఉంది. ఎవరో నడిపిన శిబిరానికి వెళ్లొచ్చినవాళ్లకు ఆరు నెలల తర్వాత ఫోన్ చేసి, ముందు అడిగిన ప్రశ్నలే మళ్లీ అడిగి, ఏం మారిందో, ఏం మారలేదో రాసిపెట్టడానికి పెద్ద పెద్ద డిగ్రీలు అక్కర్లేదు. ఓపిక కావాలి, ఫోన్ ఖర్చు కావాలి, శిబిరం నడిపిన సంస్థ సహకారం కావాలి, శిబిరానికి రాని మరో గుంపుతో పోల్చి చూడాలి అన్న తెలివిడి కావాలి. ప్రతి శిబిరం బడ్జెట్లోనూ పదో వంతు ఇందుకు పక్కన పెట్టి ఉంటే ఈపాటికి మనకు చాలా సంగతులు తెలిసి ఉండేవి.

డిగ్రీ పిల్లలు నిజంగా పనికొచ్చే పరిశోధన చేయగలరా అన్న అనుమానం ఉన్నవాళ్లు ఫిలడెల్ఫియా దగ్గర ఉన్న స్వార్త్‌మోర్ కాలేజీ చేసిన పని చూడాలి. జార్జ్ లేకీ అనే ఉద్యమకారుడు, అధ్యాపకుడు తన విద్యార్థుల చేత ప్రపంచంలో జరిగిన అహింసా పోరాటాల గురించి ఒక్కొక్కటిగా వెతికించి, రాయించి, 2011లో గ్లోబల్ నాన్‌వయలెంట్ యాక్షన్ డేటాబేస్ పేరుతో అందరికీ ఉచితంగా అందుబాటులో పెట్టారు. ఇప్పుడందులో వెయ్యికి పైగా పోరాటాల కథలున్నాయి. ఎవరు మొదలుపెట్టారు, ఏం అడిగారు, ఏ పద్ధతులు వాడారు, అవతలివాళ్లు ఏం చేశారు, చివరికి ఎంతవరకు సాధించారు అన్నవన్నీ ఒకే మూసలో ఉండడం వల్ల ఒకదానితో ఒకటి పోల్చుకోవచ్చు. ఆ పని చాలావరకు చేసింది డిగ్రీ విద్యార్థులే.

ఇలాంటి డేటా పని బయటికి యాంత్రికంగా కనిపిస్తుంది గానీ, దగ్గర నుంచి చూస్తే సంఘర్షణ గురించి ఇంతకన్నా బాగా నేర్పే తరగతి లేదు. ఒక చిన్న వార్త తీసుకుందాం: ఊరేగింపు మీద రాళ్లు పడ్డాయి, పోలీసులు కాల్పులు జరిపారు, గాయపడ్డ ఒకతను రెండు రోజుల తర్వాత ఆసుపత్రిలో చనిపోయాడు. ఇద్దరు విద్యార్థులకు ఈ వార్తే విడివిడిగా ఇచ్చి డేటా షీట్లో నింపమంటే ఒకరు 'అల్లర్లు' అని రాస్తారు, ఇంకొకరు 'పౌరుల మీద ప్రభుత్వ హింస' అని రాస్తారు. చనిపోయినతను ఊరేగింపులో ఉన్నవాడా, దారిన పోయేవాడా? తేదీ కాల్పుల రోజు వేయాలా, ప్రాణం పోయిన రోజు వేయాలా? మొదటి రాయి ఎవరు వేశారో వార్తలో లేదు, లేదన్న సంగతిని షీట్లో ఎక్కడ రాయాలి? ఇద్దరూ వంద వార్తలు ఇలా విడివిడిగా నింపాక, ఎన్నిచోట్ల కలిశారు, ఎన్నిచోట్ల విడిపోయారు అని లెక్క కడతారు. విడిపోయిన ప్రతిచోటా కూర్చుని వాదించుకుంటారు. స్వీడన్‌లోని ఉప్సాలా యూనివర్సిటీ డేటా ప్రాజెక్టు ఏడాదిలో పోరులో 25 మరణాలుంటేనే దాన్ని సాయుధ సంఘర్షణగా లెక్కిస్తుంది. మిషిగన్‌లో 1960ల్లో మొదలైన కోరిలేట్స్ ఆఫ్ వార్ ప్రాజెక్టు యుద్ధం అనడానికి పెట్టుకున్న గీత వెయ్యి మరణాలు. ఈ అంకెలు ఎవరో మనుషులు కూర్చుని పెట్టుకున్న హద్దులని, 24 మంది చనిపోయిన చోటు ఆ పట్టికలో కనపడకుండా పోతుందని ఆ షీటు నింపినవాడికి అర్థమైనంతగా పాఠం విన్నవాడికి అర్థం కాదు.

ఇక డబ్బు దేనికి కావాలి అన్నదానికొద్దాం. గ్రాంట్ అనగానే చాలామంది విద్యార్థులు ప్రపోజల్‌లో మొదట రాసేది విమానం టికెట్. ఇచ్చేవాళ్లు కూడా ప్రయాణ ఖర్చులకైతే తేలిగ్గా సరే అంటారు, బిల్లు ఉంటుంది కాబట్టి. కానీ అసలు ఖర్చు ఎక్కడుందో ఒక ఇంటర్వ్యూ వెంట నడిచి చూస్తే తెలుస్తుంది. ఒక గంట మాట్లాడించడానికి ముందు ఆ మనిషిని కలవడానికే రెండు మూడు సార్లు తిరగాలి, వాళ్లకు నమ్మకం కలిగే మధ్యమనిషి దొరకాలి. గంట రికార్డింగ్‌ని అక్షరాల్లోకి ఎక్కించడానికి నాలుగు గంటల నుంచి ఆరు గంటలు పడుతుంది. వేరే భాషలోకి మార్చాలంటే ఇంకో అంత. మధ్యలో ఆ మనిషి 'ఇది కాసేపు ఆపండి' అని రికార్డర్ వైపు చూపిస్తే, సరిగ్గా అప్పుడే అసలు సంగతి బయటికొస్తుంది. అది ఎంతవరకు రాసుకోవచ్చో అక్కడే అడిగి తెలుసుకుని, ఆ రాత్రే మర్చిపోకుండా రాసుకోవాలి. పన్నెండు ఇంటర్వ్యూలు అంటే వినడానికి చిన్న సంఖ్యే, పని మాత్రం తక్కువలో తక్కువ వంద గంటలు. ఆ వంద గంటలకు ఏ బడ్జెట్లోనూ గడి ఉండదు. విద్యార్థి ఊరికే చేస్తాడని అందరూ అనుకుంటారు.

ఊరికే చేయగలిగినవాడు చేస్తాడు. సెలవుల్లో పనిచేసి ఫీజు కట్టుకోవాల్సినవాడు దరఖాస్తే పెట్టడు. అందుకే ఈ రంగంలో డిగ్రీ గ్రాంట్‌లో మొదటి గడి స్టైపెండ్ అయ్యుండాలి, ప్రయాణం కాదు. సైన్సు వాళ్లు ఈ సంగతి ఎప్పుడో గ్రహించారు. ఎంఐటీలో మార్గరెట్ మెక్‌వికార్ 1969లో మొదలుపెట్టిన డిగ్రీ విద్యార్థుల పరిశోధన పథకంలో చదువులో లెక్కకొచ్చే క్రెడిట్‌కైనా చేయొచ్చు, జీతానికైనా చేయొచ్చు. అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ వేసవి పరిశోధన పథకంలో వారాల లెక్కన స్టైపెండ్ ఇస్తారు, సాధారణంగా పది వారాలు. ల్యాబ్‌లో పరీక్షనాళిక కడిగే పనికి జీతం సబబే అయితే, తమ్ముణ్ని పోగొట్టుకున్న మనిషి చెప్పింది రాత్రంతా కూర్చుని అక్షరం పొల్లుపోకుండా రాసే పనికి ఎందుకు సబబు కాదు?

ఈ చివరి మాట దగ్గర కొంచెం ఆగాలి. ఇరవై ఏళ్ల మనిషిని హింస అనుభవించినవాళ్ల ముందు కూర్చోబెట్టడం ఆషామాషీ విషయం కాదు. ఇద్దరికీ దెబ్బ తగలొచ్చు. చెప్పినవాళ్లకు పాత గాయం మళ్లీ రేగుతుంది, ఆ కబురు ఊళ్లో పాకితే ప్రాణం మీదికీ రావచ్చు. విన్నవాడికి నిద్ర పట్టదు, టెన్షన్ ఎవరితోనూ చెప్పుకోలేడు. పెద్ద పెద్ద సంస్థలే ఇక్కడ తడబడ్డాయి. బోస్టన్ కాలేజీ తరఫున ఉత్తర ఐర్లాండ్ మాజీ సాయుధుల అనుభవాలను 2001 నుంచి 2006 దాకా రికార్డు చేశారు. మీరు బతికుండగా బయటపెట్టం అని వాళ్లకు మాటిచ్చారు. 2011లో బ్రిటన్ అడిగితే అమెరికా అధికారులు సమన్లు పంపారు, వ్యవహారం కోర్టుకెక్కింది, చివరికి కొన్ని టేపులు పోలీసుల చేతికి వెళ్లాయి. అనుభవజ్ఞులు నడిపిన ప్రాజెక్టే ఇచ్చిన మాట నిలబెట్టుకోలేకపోయినప్పుడు, 'మీ పేరు ఎక్కడా రానివ్వను' అని ఒక డిగ్రీ విద్యార్థి తన ఫోన్‌లో రికార్డు చేసుకుంటూ ఇచ్చే హామీకి విలువెంత? ఆ ఫోన్ ఏ సరిహద్దు దగ్గరో తనిఖీకి అడిగితే ఏం చేస్తాడు?

కాబట్టి యుద్ధం నడుస్తున్న చోటికి డిగ్రీ విద్యార్థిని డబ్బిచ్చి పంపడం తప్పు. ఇది పిరికితనంతో చెప్పే మాట కాదు. అక్కడ అడగాల్సిన ప్రశ్నలు అడిగే సత్తా, అక్కడివాళ్లను కాపాడే ఏర్పాటు ఎనిమిది వారాల వేసవి సెలవుల్లో తయారవ్వవు. పైగా తేదీలు కూడా కుదరవు. గ్రాంట్ ఫలితాలు వచ్చాకే చాలామంది ఎథిక్స్ కమిటీకి, అంటే పరిశోధనలో పాల్గొనేవాళ్లకు హాని జరగకుండా చూసే కమిటీకి, దరఖాస్తు పెడతారు, కమిటీ ప్రశ్నలు వేస్తుంది, సవరించి మళ్లీ పంపాలి, ఈలోగా సెలవులు సగం అయిపోతాయి, అనుమతి రాకముందే ఇంటర్వ్యూలు మొదలుపెట్టేద్దామా అన్న ఒత్తిడి మొదలవుతుంది. డబ్బు రెండు విడతలుగా ఇస్తే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది: మొదటి విడత చదవడానికి, ప్రశ్నలు తయారు చేసుకోవడానికి, కమిటీ అనుమతికి ఒక సెమిస్టర్ ముందే, రెండోది అనుమతి చేతికొచ్చాక.

దూరం వెళ్లకపోతే చూడటానికి ఏముంటుంది అనుకోనక్కర్లేదు. యుద్ధం లేకపోవడం ఒక్కటే శాంతి కాదని, మనుషుల్ని నెమ్మదిగా తొక్కేసే వ్యవస్థలు కూడా హింసేనని గాల్టుంగ్ 1969లోనే రాశారు. ఆ చూపుతో చూస్తే ప్రతిచోటా ప్రశ్నలున్నాయి. అద్దెకున్నవాళ్లకీ ఇంటి ఓనర్లకీ మధ్య తగాదాలు కోర్టుకు పోకుండా మధ్యవర్తి దగ్గర తేలినప్పుడు, ఏడాది తర్వాత ఆ ఒప్పందం నిలిచిందా? తప్పు చేసిన పిల్లాణ్ని బయటికి పంపే బదులు, దెబ్బతిన్న పిల్లాడితో కూర్చోబెట్టి మాట్లాడించే స్కూళ్లలో ఆ దెబ్బతిన్న పిల్లాడు ఏమనుకుంటున్నాడు? చెరువు నీళ్ల కోసం రెండు ఊళ్లు ముప్ఫై ఏళ్లుగా గొడవ పడకుండా ఎలా పంచుకుంటున్నాయి? గొడవ జరగని చోటు గురించి ఎవరూ రాయరు, అందుకే మన దగ్గర గొడవల లెక్క ఉన్నంతగా సర్దుబాట్ల లెక్క లేదు. ఈ పనికి విమానాలు అక్కర్లేదు. బస్సు చార్జీలు, వంద గంటల జీతం, అక్కడి భాష తెలిసిన మనిషి ఉంటే చాలు.

డబ్బు ఎవరిది అన్న ప్రశ్న ఈ సబ్జెక్టులో మిగతా సబ్జెక్టుల కన్నా ఎక్కువ బాధపెడుతుంది, పెట్టాలి కూడా. అమెరికా సైన్యం 1964లో ప్రాజెక్ట్ కేమెలాట్ పేరుతో ఒక పెద్ద సామాజిక పరిశోధన తలపెట్టింది. దేశాల్లో తిరుగుబాట్లు ఎందుకు పుడతాయో ముందే పసిగట్టడం, వాటిని ఆపడం లక్ష్యం. అప్పుడు చిలీలో పాఠాలు చెబుతున్న గాల్టుంగ్‌ని కూడా రమ్మన్నారు, ఆయన కాదన్నారు, విషయం చిలీ మేధావులకు తెలిసింది, పెద్ద రభస అయింది, 1965 జులైలో ప్రాజెక్టునే రద్దు చేశారు. పరిశోధకుడి ముందు నోరు విప్పినవాళ్లు ఆ మాటలు ఎవరి బల్ల మీదికి చేరతాయో తెలుసుకునే హక్కు ఉన్నవాళ్లు. డిగ్రీ విద్యార్థి తన సమ్మతి పత్రంలో మొదటి పేజీలోనే, మామూలు భాషలో, ఈ పనికి డబ్బు ఫలానావాళ్లు ఇస్తున్నారు అని రాయాల్సిందే. అలా రాయడానికి సిగ్గేసే డబ్బయితే తీసుకోకూడదు.

మంచి డబ్బుకు కూడా ఒక చిక్కుంది, అది ఎప్పుడు ఆగిపోతుందో తెలియదు. హ్యూలెట్ ఫౌండేషన్ 1984 నుంచి సుమారు ఇరవై ఏళ్లపాటు సంఘర్షణ పరిష్కార రంగానికి 16 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చింది, అమెరికా యూనివర్సిటీల్లో కేంద్రాలకు ఊపిరి పోసింది, తర్వాత ఆ కార్యక్రమాన్ని మూసేసింది. ప్రభుత్వ డబ్బయితే స్థిరంగా ఉంటుందనుకుంటే, యూఎస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పీస్‌కు 2025లో ఏమైందో చూశాం. మార్చిలో కొత్త ప్రభుత్వం సంస్థను చేతిలోకి తీసుకుని సిబ్బందిని దాదాపు మొత్తం తీసేసింది, గొడవ కోర్టుల్లోకి వెళ్లింది. దీనికి భిన్నంగా అమెరికాలోని నోటర్ డేమ్ యూనివర్సిటీకి జోన్ క్రాక్ అనే దాత వీలునామాలో రాసిన 5 కోట్ల డాలర్లు 2003లో వచ్చాయి, ఆవిడ పేరుతో ఉన్న శాంతి సంస్థ ఇంకా డిగ్రీ పిల్లలకు పాఠాలు చెబుతూనే ఉంది. అంత పెద్ద దాత అందరికీ దొరకరు, నిజమే. కానీ పది లక్షల డాలర్ల మూలనిధి ఉంటే, ఏటా అందులో 4 శాతం మాత్రమే తీసినా 40 వేల డాలర్లు వస్తాయి, తలా 4 వేల చొప్పున పదిమందికి ఏటా, ఎవరినీ మళ్లీ అడగక్కర్లేకుండా. పూర్వ విద్యార్థుల చందాలతో పదేళ్లలో కూడబెట్టలేనంత మొత్తమేమీ కాదిది. ఇదే రంగంలో దారి చూపినవాళ్లున్నారు: ఇంగ్లండ్‌లో బ్రాడ్‌ఫర్డ్ యూనివర్సిటీ శాంతి అధ్యయనాల విభాగం 1973లో మొదలవడానికి క్వేకర్లు, అంటే యుద్ధాన్ని వ్యతిరేకించే ఒక క్రైస్తవ శాఖవాళ్లు, చందాలు పోగుచేశారు. స్టాక్‌హోమ్‌లోని శాంతి పరిశోధన సంస్థ సిప్రి లెక్క ప్రకారం 2024లో ప్రపంచ దేశాల సైనిక ఖర్చు 2,71,800 కోట్ల డాలర్లు. ఆ అంకె పక్కన పది లక్షలు పెట్టి చూస్తే, లేనిది డబ్బు కాదని అర్థమవుతుంది.

నిధి ఉన్నా గైడ్ లేకపోతే పని సాగదు. అన్ని పథకాలూ తేలిగ్గా మర్చిపోయే మనిషి ఆయనే. విద్యార్థి ఇంటర్వ్యూ నుంచి వచ్చిన రాత్రి ఫోన్ ఎత్తాల్సింది, ఈ పేరా తీసెయ్, ఇది చదివితే ఎవరు చెప్పారో ఊళ్లోవాళ్లు పట్టేస్తారు అని చెప్పాల్సింది గైడే. ఆ పనికి ఆయనకు తరగతి భారమూ తగ్గదు, రూపాయీ రాదు. గ్రాంట్‌లో నాలుగో వంతు గైడ్ సమయానికి కేటాయిస్తే విద్యార్థుల సంఖ్య తగ్గుతుందని కమిటీలు జంకుతాయి. తగ్గనివ్వండి. పట్టించుకునేవాళ్లు లేని పదిమంది కన్నా పట్టించుకునేవాళ్లున్న ఏడుగురు నయం. ఎంపికలో కూడా పెద్ద పెద్ద మాటలున్న ప్రపోజల్‌కి మార్కులు వేయడం తగ్గించాలి. 'యువత ద్వారా శాంతి స్థాపన' అన్నది పరిశోధన ప్రశ్న కాదు. 'ఈ రెండు స్కూళ్లలో మధ్యవర్తిత్వం నేర్చుకున్న విద్యార్థులు ఆ తర్వాతి ఏడాది నిజంగా ఎన్ని గొడవల్లో కలగజేసుకున్నారు' అన్నది ప్రశ్న. జవాబు సున్నా అని వచ్చినా డబ్బు వృథా అయినట్టు కాదు, అలా వచ్చిన జవాబును దాచకుండా ప్రచురించే చోటు కూడా పథకంలోనే ఉండాలి.

చివరి విడత డబ్బు ఎప్పుడివ్వాలి అన్నది కూడా ముఖ్యమే. ఇప్పుడు చాలాచోట్ల రిపోర్టు ఆఫీసుకి చేరగానే ఖాతా మూసేస్తారు. అలా కాకుండా, మాట్లాడినవాళ్ల దగ్గరికి తిరిగి వెళ్లి, ఇదిగో మీరు చెప్పినదాంట్లోంచి నేను తేల్చింది ఇది అని వాళ్ల భాషలో వాళ్లకు చెప్పి, వాళ్లు కాదన్నది కూడా రిపోర్టులో చేర్చాకే ఆ చివరి విడత ఇవ్వాలి. ఆ తిరుగు ప్రయాణం ఖర్చు కూడా మొదటి రోజే బడ్జెట్లో రాసుకోవాలి.